పిల్లికో కుక్కకో పెద్ద ఆపరేషన్ పడితే: బిల్లు ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ తగ్గించుకోవచ్చు

పోయిన రంజాన్‌కు ముందు మా ఇంటి పిల్లి మూడో అంతస్తు బాల్కనీ నుంచి కింద పడింది. వెనక కాలి తొడ ఎముక విరిగింది. హైదరాబాద్‌లోనే ఒక ప్రైవేటు పెట్ హాస్పిటల్‌కు తీసుకెళ్తే, ప్లేటు వేయాలి, మొత్తం 48 వేలు అవుతుంది అన్నారు. అబ్బా నెల జీతం అంతకన్నా తక్కువ. అమ్మీ ఏమీ మాట్లాడలేదు, బుట్ట మీద దుపట్టా కప్పి కూర్చుంది. చివరికి మాకు అయిన ఖర్చు 17 వేలు. మొదటి రోజు ప్రైవేటులో ఎక్స్‌రే, నొప్పి ఇంజెక్షన్, ఒక రాత్రి ఉంచినందుకు 6,500. మిగతా 10,500 వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో ఆపరేషన్‌కు, బయట కొన్న సామాను, మందులు, కేజ్‌కు. కాలు కాస్త వంకరగానే ఉంది కానీ ఫ్రిజ్ మీదికి ఎక్కుతోంది. ఆ తేడా ఎలా వచ్చిందో రాస్తే ఇంకో ఇంటికి పనికొస్తుందని ఇది రాస్తున్నా.

మనకు జబ్బు చేస్తే ఆరోగ్యశ్రీ ఉంది, ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది. పిల్లికి అవేవీ లేవు, బిల్లు మొత్తం మన జేబు నుంచే. పైగా మనిషి ఎక్స్‌రే కోసం కదలకుండా పడుకుంటాడు, పిల్లి పడుకోదు. మంచి ఫిల్మ్ రావాలంటే చాలాసార్లు మత్తు ఇవ్వాల్సిందే. మత్తుకు ముందు రక్తపరీక్ష, ఆపరేషన్‌లో గ్యాస్ అనస్థీషియా, పక్కన ఇంకో డాక్టర్, చిన్న ఎముకకు సరిపడే ప్లేటు, స్క్రూలు, తర్వాత రోజుకింత అని ఉంచే చార్జీ. ఇన్ని కలిసి పెద్ద అంకె అవుతుంది. ప్రతిదీ దోపిడీ అనుకోవద్దు. కానీ ప్రతిదీ తప్పనిసరి కూడా కాదు.

కామర్స్ చదివినవాడిని కాబట్టి ఒకటి చెప్పాలి. జంతువులకు వెటర్నరీ క్లినిక్ చేసే వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ చార్జీ మీద జీఎస్టీ వేస్తే ఎందుకని అడగండి. మందులు, ఫుడ్ ప్యాకెట్ల సంగతి వేరు. ఇంకోటి, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 80డీ కింద పిల్లి బిల్లు చూపించడం కుదరదు, అది మనుషులకే.

డాక్టర్‌ను ఏం అడగాలి

"ఎంత అవుతుంది?" అని మాత్రమే అడిగితే ఒక్క అంకె వస్తుంది. "ఇంకో దారి ఉందా? ఉంటే దానిలో నష్టమేంటి?" అని అడగాలి. సిగ్గుపడొద్దు, మన దగ్గర ఎంత ఉందో మొదటే చెప్పేయండి. చాలామంది డాక్టర్లు ఆ మాట విన్నాకే రెండో ప్లాన్ చెబుతారు.

నిజంగానే రెండో ప్లాన్లు ఉంటాయి. తుంటి కీలు పాడైతే మొత్తం కీలు మార్చడం చాలా ఖరీదు, కానీ తొడ ఎముక తలభాగం తీసేసే ఆపరేషన్‌తో పిల్లులు, చిన్న కుక్కలు బాగానే నడుస్తాయి. కాలు నుజ్జయితే, వరసగా ఆపరేషన్లు చేసే బదులు కాలు తీసేయడం వినడానికి ఘోరంగా ఉంటుంది, కానీ మూడు కాళ్లతో పిల్లి హాయిగా బతుకుతుంది. కొన్ని కటి ఎముక విరుగుళ్లకు ఆపరేషనే అక్కర్లేదు, వారాల తరబడి కేజ్‌లో కదలకుండా ఉంచితే అతుక్కుంటాయి. మా పిల్లి ఎముక ఒక్కచోటే విరిగింది, వయసు తక్కువ, బరువు తక్కువ. అందుకే ప్లేటు బదులు లోపల పిన్ను చాలన్నారు. పిన్ను జారే ప్రమాదం ఉందనీ, ఆరు వారాలు కేజ్ దాటనివ్వొద్దనీ ముందే చెప్పారు. ఆ ఆరు వారాలు దాని అరుపులకు ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

అంచనా కాగితం మీద రాయించుకోండి, తక్కువలో ఎంత, ఎక్కువలో ఎంత అని. ఎక్స్‌రే, రిపోర్టుల కాపీలు చేతికి తీసుకోండి. ఇంకోచోట మళ్లీ తీయించే ఖర్చు మిగులుతుంది.

ఎక్కడికి వెళ్లాలి

హైదరాబాద్ వాళ్లకు రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఆసుపత్రి, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉన్నాయి. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో వెటర్నరీ కాలేజీలున్నాయి. కాలేజీ అంటే పిల్లలు నేర్చుకునే చోటని అమ్మీ భయపడింది. విద్యార్థులు ఉంటారు నిజమే, కానీ పక్కన సర్జరీ ప్రొఫెసర్లు ఉంటారు. ఫీజు తక్కువ, క్యూ ఎక్కువ. పిన్ను, కొన్ని మందులు మేము బయట కొనుక్కున్నాం. మేకలు, గేదెలు ఉన్న ఊళ్లలో 1962కు ఫోన్ చేస్తే వాహనం వస్తుంది, కానీ ఇలాంటి పెద్ద ఆపరేషన్‌కు అది సరిపోదు.

పెట్ షాపులో "డాక్టర్" అని కూర్చునే వాళ్లతో కోయించొద్దు. వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవారేనా అని అడగండి.

కొన్నిటికి మాత్రం బేరానికి టైం లేదు. మగపిల్లి మాటిమాటికి కూర్చుని ముక్కుతోంది, మూత్రం రావట్లేదు అంటే గంటలే ఉన్నాయి. ఆపరేషన్ చేయించని ఆడ జంతువు నీరసపడి, బాగా నీళ్లు తాగుతూ, కింద చీము కారుస్తుంటే గర్భసంచి పాడైనట్టు అనుమానించాలి. కుక్క పొట్ట ఉబ్బి, కక్కబోయి ఏమీ రాకపోతే అదీ అంతే. దగ్గర్లో ఎవరుంటే వాళ్ల దగ్గర మొదట గండం గట్టెక్కించండి. ఆపరేషన్ ఎక్కడన్నది తర్వాత వాళ్లనే అడగండి. నొప్పికి పారాసిటమాల్ మాత్రం పిల్లికి ఇవ్వొద్దు, ఒక్క గోలీ చంపేస్తుంది.

డబ్బు ఎలా

కౌంటర్‌లో కార్డు ఈఎంఐ అంటారు. "నో కాస్ట్" అన్నా ప్రాసెసింగ్ ఫీజు, లోపల దాచిన వడ్డీ మీద జీఎస్టీ మన మీదే పడతాయి. వడ్డీ వద్దనుకునే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. కొంత అడ్వాన్స్ కట్టి మిగతాది విడతల్లో ఇస్తామని హాస్పిటల్‌నే అడగొచ్చు, అన్నిచోట్లా కాకపోయినా కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. మాకు మామూ ఎనిమిది వేలు కర్జ్-ఎ-హసనా ఇచ్చారు, మిగతాది అమ్మీ బీసీ ఎత్తింది. వాట్సాప్ గ్రూపులో సాయం అడిగితే అంచనా కాగితం పెట్టి, డబ్బు నేరుగా హాస్పిటల్ ఖాతాకే వేయమనండి. అనుమానానికి తావుండదు.

పెట్ ఇన్సూరెన్స్ మన దగ్గర ఎక్కువగా కుక్కలకే. వయసు పరిమితి, టీకా కార్డు, గుర్తింపు అడుగుతారు, పాత జబ్బుకు ఇవ్వరు. ప్రీమియం కట్టేముందు ఆపరేషన్‌కు గరిష్ఠంగా ఎంత ఇస్తారో చదవండి. నెలకు 500 పక్కన పెట్టినా మూడేళ్లకు 18 వేలు, అంటే మా బిల్లు తీరిపోయేది. బాల్కనీకి వల కట్టించి ఉంటే అసలు బిల్లే ఉండేది కాదు, ఇప్పుడు కట్టించాం. ఆడపిల్లికి ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే గర్భసంచి చీము భయం ఉండదు.

ముసలి జంతువు, కిడ్నీలు పోయాయి అన్నప్పుడు "మీ పిల్లి అయితే ఏం చేస్తారు?" అని డాక్టర్‌ను అడగండి. నొప్పి తగ్గించి ఇంట్లో ఉంచుకోవడం కూడా వైద్యమే. స్తోమత లేదని దర్గా దగ్గరో ఆసుపత్రి గేటు దగ్గరో వదిలేసి రావద్దు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం.

కాలేజీ ఆసుపత్రికి పొద్దున్నే వెళ్లండి. మూత ఉన్న బుట్ట, టీకా కార్డు, పాత ఎక్స్‌రే, పాత తువ్వాలు, కొంత నగదు దగ్గర ఉంచుకోండి. తిండి ఎప్పుడు ఆపాలో ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. మేము కనుక్కోకుండా పాలు పోసి తీసుకెళ్లాం, ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది.