వార్ధక్యం, బైతుల్‌మాల్

వృద్ధుల పింఛను ఆధునిక ఐరోపాలో పుట్టిందని సాధారణంగా భావిస్తారు. 1889లో జర్మనీ చేసిన చట్టం 70 ఏళ్ళు నిండిన కార్మికులకు భృతి ఏర్పరచిన మాట నిజమే. కార్మికుడూ యజమానీ కట్టే చందా, ప్రభుత్వ సహాయం దానికి ఆధారం. అయితే శక్తి ఉడిగినవారి పోషణ ప్రజాధనం బాధ్యత అనే భావన అంతకంటే ఎంతో ప్రాచీనమైనది.

క్రీ.శ. 633లో హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి.) హీరా క్రైస్తవులతో చేసుకున్న ఒడంబడికను ఇమామ్ అబూ యూసుఫ్ ‘కితాబుల్ ఖరాజ్’లో పొందుపరిచారు. దాని ప్రకారం, పనిచేయలేని వృద్ధునికి జిజ్యా ఉండదు. అతణ్ణీ, అతని కుటుంబాన్నీ బైతుల్‌మాల్ పోషించాలి.

మరో ఉదంతం కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఒక గుమ్మం ముందు యాచిస్తున్న అంధుడైన యూదు వృద్ధుణ్ణి ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి.) చూశారు. ఎందుకీ దుస్థితి అని అడిగితే జిజ్యా, లేమి, ముసలితనం అని అతడు చెప్పుకున్నాడు. ఖలీఫా అతణ్ణి తన ఇంటికి తీసుకుపోయి కొంత ఇచ్చారు. అంతటితో ఊరుకోలేదు. యౌవనంలో పన్ను తీసుకుని ముసలితనంలో విడిచిపెట్టడం న్యాయం కాదని బైతుల్‌మాల్ అధికారికి తెలిపి, అతనికీ అతని వంటివారికీ జిజ్యా తొలగించారు.

ఇంట్లో ఇచ్చినది దానం. ఖజానా నుంచి ఇప్పించినది హక్కు. ఇక్కడ ప్రమాణం వయస్సు కాదు, చందా అంతకంటే కాదు, అశక్తత. బ్రతుకంతా కూలి చేసి, ఏ చందా కట్టలేక ముసలివారైనవారి విషయంలో నేటి ప్రభుత్వాలు తేల్చుకోవలసినది కూడా ఈ భేదాన్నే.