బడిలో ఆడపిల్లల గది: కాగితం నుంచి గొళ్లెం దాకా

పొదుపు ఎంత జమ అయింది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, కిస్తీలు ఎంతమంది సక్రమంగా కట్టినరు అనే లెక్కలన్నీ ఈ నివేదిక ముందు పేజీల్లో ఉన్నాయి. ఈ పేజీల్లో మేము వేరే ముచ్చట రాస్తున్నాం. ఇది కూడా మన ఇంటి లెక్కే.

ఒక నెల గ్రామ సంఘం మీటింగులో అప్పుల మాట అయిపోయినంక ఒక అక్క లేచింది. "మా బిడ్డ ఎనిమిదో తరగతి. నెలకు నాలుగు దినాలు బడికి పోనంటది. తిట్టినా పోదు, బతిమాలినా పోదు. ఏం చెయ్యాలె?" అని అడిగింది. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకో అక్క "మా బిడ్డ కూడా అంతే" అన్నది. ఇంకొకామె తల ఊపింది. అడుగుతూ పోతే కారణం బయటపడ్డది. బడిలో మగపిల్లలకు, ఆడపిల్లలకు వాడుకలో ఉన్నది ఒక్కటే మరుగుదొడ్డి. దాని తలుపుకు లోపల గొళ్లెం లేదు.

ఈ బాధ ఈనాటిది కాదని మాకందరికీ తెలుసు. మరి దీన్ని బాగుచేస్తామని ఎవరెవరు ఎప్పుడెప్పుడు చెప్పినరు, ఎంతవరకు చేసినరు? మాకు తెలిసినంతవరకు ఆ చరిత్ర ఇక్కడ రాస్తున్నాం.

మేము చదువుకున్నప్పుడు

మా సంఘాల్లో చాలామంది ముప్పై, నలభై ఏండ్ల మధ్య వాళ్లం. మేము చదువుకున్నప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అన్నీ కరీంనగర్ జిల్లాలోనే ఉండె. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలైనవి. జిల్లాలు వేరైనా ఆడవాళ్ల కష్టం ఒక్కతీరుగానే ఉండె.

ఇంటర్‌వెల్ గంట కొడితే మగపిల్లలు గోడ దిక్కు పోయేది, మేము బడి వెనుక సర్కారు తుమ్మల చాటుకు పోయేది. ఒకరు కూర్చుంటే ఇద్దరు అడ్డం నిలబడాలె. అందుకే పొద్దున ఇంట్ల నుంచి వచ్చేటప్పుడు నీళ్లు తాగకపోయేది. బడిలో దూప అయినా ఆపుకునేది. సాయంత్రం ఇంటికి చేరేసరికి పొత్తికడుపులో నొప్పి, ఒంటికి పోతే మంట. అది ఎందుకు వస్తుందో చెప్పినవాళ్లు లేరు. అమ్మను అడిగితే వేడి చేసిందని మజ్జిగ తాగిపిచ్చేది.

పెద్దమనిషి అయినంక ఇంకా కష్టం. గుడ్డ మార్చుకునే చోటు లేదు. ఆ నాలుగు దినాలు ఇంటి దగ్గరే. నెలకు నాలుగు దినాలు పోతే లెక్కల్లో వెనకబడుతం, ఇంగ్లీషులో వెనకబడుతం. వెనకబడితే సారు అందరి ముందు నిలబెడుతడు. నిలబెడితే సిగ్గయి ఐదో రోజు కూడా పోబుద్ధి కాదు. ఇట్ల ఒక్కొక్కరే ఎనిమిదిలో, తొమ్మిదిలో ఆగిపోయిన్రు. ఇంట్లో వాళ్లు "చదువు ఎక్కలేదు" అన్నరు. మేమూ అదే నిజమనుకున్నం. మర్నాటి నుంచి బీడీల చాట ముందు కూర్చున్నరు.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు బీడీలు చేసే ఇండ్లు ఎన్ని ఉన్నయో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఆ చాటల ముందు కూర్చున్న మనలో ఎంతమంది చదువు ఎక్కక మానినం, ఎంతమంది ఒంటికి పోయే చోటు లేక మానినం అన్నది మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ రాయలేదు.

కాగితం మీద ముందే ఉంది

తెలుసుకుంటూ పోతే మాకు ఎక్కువ ఆశ్చర్యం అనిపించింది ఇదే. మాలో కొందరు ఉయ్యాలలో ఉన్నప్పుడు, ఇంకొందరు పుట్టకముందే ఈ మాట కాగితం మీద ఉంది. 1987లో కేంద్ర ప్రభుత్వం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే పథకం మొదలుపెట్టింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఒక వరండా, మగపిల్లలకు, ఆడపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని అందులో రాసి ఉంది.

తర్వాత 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, డీపీఈపీ అంటరు, అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముందుగా ఐదు జిల్లాల్లో మొదలైంది. ఆ ఐదింటిలో మన కరీంనగర్ ఒకటి. మా ఊర్ల బళ్లకు కొత్త గదులు వచ్చినయి. కానీ 'వేర్వేరు' అన్న మాట మేము చదివిన బళ్ల దాకా రాలేదు.

ఇంకొక సంగతి చూడండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఆడ కార్మికులకు, మగ కార్మికులకు వేర్వేరుగా, చాటు ఉండేటట్టు మరుగుదొడ్లు కట్టాలని ఉంది. పనికి పోయే ఆడమనిషికి చాటు కావాలని చట్టం చేసినవాళ్లకు అప్పుడే అర్థమైంది. బడికి పోయే ఆడపిల్లకు అదే మాట దేశమంతటికీ చట్టంగా రావడానికి 2009 దాకా పట్టింది. నడుమ అరవై ఒక్క ఏండ్లు.

ఒక్క గది కాలం

1999లో సంపూర్ణ పారిశుద్ధ్య కార్యక్రమం మొదలైంది. ఇండ్లతో పాటు బళ్లలో కూడా మరుగుదొడ్లు కట్టాలన్నారు. అట్ల చాలా బళ్లకు మొదటిసారి మరుగుదొడ్డి వచ్చింది. కొన్ని చోట్ల రెండు గదులు, కొన్ని చోట్ల అందరికీ కలిపి ఒక్కటే.

ఒక్క గది ఉంటే ఏం తప్పు, అసలు లేనిదానికంటే మేలు కదా అని మన సంఘంలోనే కొందరు అడిగిన్రు. ఇది అడగవలసిన మాటే. దీనికి జవాబు ఒక పరిశోధనలో ఉంది. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసే అంజలి అడూకియా మన దేశంలో 2003 తర్వాత బళ్లలో కట్టిన మరుగుదొడ్ల మీద లెక్కలు తీసి 2017లో అచ్చు వేసిన్రు. చిన్నపిల్లలకు ఏ మరుగుదొడ్డి కట్టినా మేలే జరిగింది. అందరికీ కలిపి ఒక్కటే ఉన్నా బడిలో చేరే పిల్లలు పెరిగిన్రు. కానీ ఈడొచ్చిన ఆడపిల్లల దగ్గరకు వచ్చేసరికి, వాళ్లకు వేరే గది కట్టిన చోటనే చేరికలు బాగా పెరిగినయి.

అంటే ఒకటో తరగతి పిల్లకు కావలసింది మరుగుదొడ్డి. ఎనిమిదో తరగతి పిల్లకు మరుగుదొడ్డితో పాటు చాటు కూడా కావాలె. మన అక్క బిడ్డ నోరు తెరిచి చెప్పలేకపోయింది ఈ మాటే.

చట్టం, కోర్టు

2009లో విద్యా హక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. బడికి ఏమేం ఉండాలో చెప్పే జాబితాలో మగపిల్లలకు, ఆడపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు అని స్పష్టంగా ఉంది.

చట్టం ఉన్నా పని కాకపోతే సుప్రీంకోర్టు కల్పించుకుంది. 2011 అక్టోబర్ 18న అన్ని రాష్ట్రాలకు ఆదేశం ఇచ్చింది. మరుగుదొడ్లు లేకపోతే తల్లిదండ్రులు పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను బడికి పంపరని, అట్ల సౌకర్యం ఇయ్యకపోవడం చదువు హక్కును కాదనడమేనని చెప్పింది. 2012 అక్టోబర్ 3 తీర్పులో ఆరు నెలల గడువు పెట్టింది. ఆ గడువూ దాటిపోయింది. మళ్లీ కేసు నడిచి, 2015లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సర్కారు బళ్లు చూసి రమ్మని కోర్టు వకీళ్ల కమిటీని పంపింది. ఢిల్లీలో ఉన్న పెద్ద కోర్టు మన బళ్ల మరుగుదొడ్లు చూడడానికి మనుషులను పంపవలసి వచ్చింది. ఊర్లో ఉన్న మేము మాత్రం అప్పటిదాకా ఒక్కసారి కూడా లోపలికి పోయి చూడలేదు. ఈ తప్పు మేము ఒప్పుకుంటున్నాం.

2014 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధానమంత్రి, ఏడాదిలోగా ప్రతి బడిలో ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉంటుందని చెప్పిన్రు. ఏడాది తర్వాత దేశంలో 2,61,400 బళ్లలో 4,17,796 మరుగుదొడ్లు పూర్తయినయని ప్రకటించిన్రు. ఇది చిన్న పని కాదు. అయితే ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే కాగ్, ప్రభుత్వ కంపెనీలు కట్టిన మరుగుదొడ్లలో కొన్నిటిని పోయి చూసింది. ఆ నివేదిక 2020లో బయటికి వచ్చింది. ఆడ, మగపిల్లలు కలిసి చదివే 1,967 బళ్లు చూస్తే, 99 బళ్లలో పనిచేసే మరుగుదొడ్డి ఒక్కటీ లేదు, 436 బళ్లలో ఒక్కటే ఉంది. చూసిన మరుగుదొడ్లలో నూటికి 72 వాటిలో లోపల నల్లా నీళ్లు లేవు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని, గోప్యత ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చిన్రు. ఆధార్ కేసులో వచ్చిన తీర్పు అది. గోప్యత అన్న మాట మనకు కొత్తగా వినపడుతది గానీ, దాని అర్థం మన ఆడవాళ్లకు తెలియంది కాదు. తలుపు వేసుకుంటే ఎవరూ తీయలేరన్న ధైర్యమే అది.

మన చేతికి వచ్చింది

2022 మార్చి 8న మన రాష్ట్రంలో మన ఊరు - మన బడి మొదలైంది. మొత్తం 26,065 బళ్లు, మొదటి విడతలో 9,123 బళ్లు. చెయ్యాల్సిన పన్నెండు పనుల్లో నీళ్లు వచ్చే మరుగుదొడ్లు ఉన్నయి. కొన్ని ఊర్లల్ల పని అయింది, కొన్ని ఊర్లల్ల సగంలో ఆగింది.

2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి. దీనికి అధ్యక్షురాలు మన గ్రామ సంఘం అధ్యక్షురాలే. ప్రధానోపాధ్యాయులు కన్వీనర్. పిల్లల తల్లులు సభ్యులు. తాగునీళ్లు, కరెంటు, చిన్న చిన్న రిపేర్లు, ఆడపిల్లల మరుగుదొడ్లు ఈ కమిటీ ద్వారానే చెయ్యాలె. అదే ఏడాది బళ్లు ఊడ్చి, కడిగే పనికి పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రాంటు పెట్టిన్రు. పిల్లల యూనిఫాంలు కుట్టే పని కూడా మన సంఘాలకే వచ్చింది. బట్ట కుట్టి ఇచ్చి, ఆ బట్ట వేసుకున్న పిల్ల బడిలో ఎట్ల ఉందో చూడకపోతే ఎట్ల?

తాళం వేసిన గది

ఒక బడి సంగతి చెప్తం. ఊరి పేరు, బడి పేరు రాయడం లేదు, ఎందుకంటే తప్పు ఒక్కరిది కాదు. అక్క అడిగిన ప్రశ్న పట్టుకొని మేము ఐదుగురం ఆ బడికి పోయినం. రికార్డులో బాలురకు ఒకటి, బాలికలకు ఒకటి అని రాసి ఉంది. రెండు గదులూ ఉన్నయి, అబద్ధం కాదు. కానీ బాలికల గదికి తాళం. తాళంచెవి స్టాఫ్ రూంలో. పెద్దవాళ్లు, తనిఖీకి వచ్చేవాళ్లు వాడుకోవడానికి దాన్ని శుభ్రంగా ఉంచిన్రు. పిల్లలందరికీ రెండో గదే. దాని తలుపు కింద జానెడు సందు. లోపల బొక్కెన లేదు.

సారును అడిగితే కోపానికి రాలేదు. "అమ్మా, ట్యాంకు నీళ్లు ఒక్క గదికే ఎక్కుతున్నయి. కడిగే మనిషి లేడు. రెండూ తెరిస్తే రెండూ పాడైతయి" అన్నడు. ఆయన చెప్పిందీ నిజమే. కానీ ఉన్న నీళ్లు, ఉన్న శుభ్రం ఎవరికి ముందు ఇయ్యాలె అన్నదే మా ప్రశ్న. అక్కడి మేడం మమ్మల్ని పక్కకు పిలిచి, తాను కూడా బడి ఉన్నంతసేపు నీళ్లు తక్కువ తాగుతానని చెప్పింది.

మీటింగులో దీని మీద గొడవ అయింది. ఒక పెద్దమ్మ "మనం తుమ్మల చాటుకు పోయి చదువుకోలేదా?" అన్నది. దానికి ఒక చెల్లె "చదువుకున్నమా పెద్దమ్మా? మన తరగతి ఆడపిల్లల్లో పదో తరగతి దాకా ఎంతమంది వచ్చినం?" అని అడిగింది. పెద్దమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. ఒక చెయ్యి నిండలేదు. చివరికి తీర్మానం మీద ముందుగా సంతకం పెట్టింది ఆమెనే.

పైపు మార్పించినం. లోపల గొళ్లెం వేయించినం. తలుపు కింది సందుకు రేకు కొట్టించినం. మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టించినం. తాళంచెవి ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల దగ్గర ఉండేటట్టు మాట్లాడినం. పిల్లలతో కడిగించొద్దని, గ్రాంటు పైసలతో మనిషిని పెట్టాలని రాసుకున్నం. అక్క బిడ్డ ఇప్పుడు ఆ దినాల్లో కూడా బడికి పోతుంది. అయితే అంతా బాగైందని రాయలేం. గ్రాంటు ఆలస్యమైన నెలలో కడిగే ఆమె రాదు. ఆమె రాకపోతే తలుపుకు మళ్లీ తాళం పడుతది. అందుకే మేము నెలకు ఒకసారి పోయి చూస్తున్నం.

అక్కలారా, చెల్లెలారా, ముప్పై ఏడేండ్ల కింద కాగితం మీద రాసిన మాట 2024లో మన కమిటీ చేతికి వచ్చింది. మీ ఊరి బడికి పోయినప్పుడు ఆఫీసు గదిలోనే కూర్చుని రాకండి. ఆడపిల్లల గది తెరిచి ఉందా, లోపల గొళ్లెం పడుతుందా, నల్లా తిప్పితే నీళ్లు వస్తున్నయా, కడిగే మనిషికి జీతం అందుతుందా, ఈ నాలుగూ లోపలికి పోయి కళ్లారా చూడండి. గ్రామ సంఘం మినిట్స్ బుక్కులో రాయండి. వచ్చే ఏడాది నివేదికలో కిస్తీల లెక్క పక్కనే, మన సమాఖ్య ఊర్లల్ల ఎన్ని బళ్లలో ఆడపిల్లల గది తాళం లేకుండా ఉందో ఆ లెక్క కూడా అచ్చు వేద్దాం.