షమోనీలో రెండు విగ్రహాలు

మనుచరిత్రలో ప్రవరాఖ్యుడు సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకొని తలచినంతనే హిమాలయం చేరుకొన్నాడు. ముప్పై యేళ్ళకు పైగా ఆ కథను పిల్లలకు బోధించిన నాకు అటువంటి యోగమే గత వేసవిలో పట్టింది. జెనీవాలో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు నన్ను ఫ్రాన్సు దేశంలోని షమోనీకి తీసుకొని వెళ్ళి, ఎగుయ్ దు మిది శిఖరానికి పోయే కేబుల్ కారు ఎక్కించారు. ఆ పేరుకు ‘మధ్యాహ్నపు సూది’ అని అర్థం. షమోనీ నుండి చూచేవారికి మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆ కొన మీద నిలిచినట్లు కనిపిస్తాడు.

షమోనీ 1,035 మీటర్ల ఎత్తున ఉన్నది. శిఖరం ఎత్తు 3,842 మీటర్లు. 2,317 మీటర్ల వద్ద ఒకసారి బండి మారాలి. అక్కడినుండి పైదాకా నడుమ ఒక్క స్తంభం కూడా లేదు. తీగల మీదనే ప్రయాణం. 1955లో ఈ మార్గం ప్రారంభమయింది. ఇరవై నిమిషాలలో పైకి చేరుకొన్నాము. గాలి పలుచన కావడంతో నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. ఎదురుగా ధవళకాంతులీనుతూ మోఁ బ్లాఁ! మౌంట్ బ్లాంక్ అని మనం చదువుకొన్నది దీనినే.

దీనిని తొలిసారి ఎక్కినవాడు జాక్ బాల్మా అనే నిరుపేద అని, కొండలలో స్ఫటికాలు ఏరుకొని బ్రతికే అతడొక్కడే ఆ సాహసం చేశాడని, ఎప్పుడో ఎక్కడో చదివి, తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ఆనాడు మనవడికీ అదే చెబుతూ క్రిందికి దిగాను.

ఊరి నడుమ 1887లో నెలకొల్పిన కంచు విగ్రహం ఉన్నది. అందులో బాల్మా శిఖరాన్ని వ్రేలితో చూపుతున్నాడు. ప్రక్కన జెనీవా శాస్త్రజ్ఞుడు సొస్యూర్ నిలుచుని ఉన్నాడు. ఆ శిఖరానికి దారి కనుగొన్నవారికి బహుమానమిస్తానని 1760లోనే ప్రకటించినవాడాయన. కొంచెం దూరంలో మరొక విగ్రహం, ఒంటరిగా కొండవైపు చూస్తూ. “ఇతనెవరు తాతయ్యా?” అన్నాడు మనవడు. నేను చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చి చదివి తెలుసుకొన్నాను. ఆయన మిషెల్ గాబ్రియేల్ పకార్, షమోనీ ఊరి వైద్యుడు. 1786 ఆగస్టు 8వ తేదీ సాయంకాలం శిఖరం మీద అడుగుపెట్టినవారు ఇద్దరు: బాల్మా, పకార్. నడుముకు తాడు లేదు, చేత మంచుగొడ్డలి లేదు. పొడవాటి కర్రలే ఆధారం. పకార్ వెంట వాయుభారమాపకం తీసుకొనిపోయి ఎత్తును కొలిచాడు.

మరి ఆయన పేరు ఎట్లా మరుగున పడింది? జెనీవాకు చెందిన బురీ అనే చిత్రకారుడు తానూ ఆ కొండకు ప్రయత్నించి విఫలుడైనవాడు. ఘనతంతా బాల్మాదేననీ, వైద్యుణ్ణి అతడే పైకి లాగుకొనిపోయాడనీ ఒక లేఖ అచ్చువేయించాడు. పకార్ వ్రాయదలచిన పుస్తకం వెలువడనేలేదు. ఆయన 1827లో కన్నుమూశాడు. 1832లో ప్రసిద్ధ నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా వృద్ధుడైన బాల్మాను కలిసి, అతడు చెప్పిన కథను రసవంతంగా వ్రాశాడు. చదివినవారందరూ అదే నమ్మారు.

అయితే ఆ ఆగస్టు దినాన క్రింద లోయలో గెర్స్‌డోర్ఫ్ అనే జర్మను పెద్దమనిషి దూరదర్శినితో ఆ ఇద్దరినీ గమనిస్తూ, చూచినది చూచినట్లు దినచర్యలో వ్రాసుకొన్నాడు. 20వ శతాబ్దంలో పరిశోధకులు ఆ వ్రాతను పరిశీలించాక వైద్యునికి న్యాయం జరిగింది. విగ్రహం మాత్రం 1986లో, అంటే అధిరోహణ జరిగిన సరిగా రెండువందల యేళ్ళకు లేచింది.

బాల్మా సాహసి కాడని నేననను. అతడు లేనిదే ఆ ఆరోహణ లేదు. కాని రెండవ మనిషిని తుడిచివేసిన కథను నేను విచారించకుండా పిల్లలకు అందించాను. కథ రసవత్తరంగా ఉన్నందువల్లనే ప్రశ్నించాలని తోచలేదు. భాషాబోధకులకు ఈ బలహీనత కొంచెం ఎక్కువేమో!

మనవడికి మరునాడే సరిచేసి చెప్పాను. నా తరగతిలో ఆ కథ విన్నవారు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. వారిలో ఎవరైనా ఇది చదివితే, బాల్మా ప్రక్కన పకార్ పేరు కూడా చేర్చుకోవలసిందిగా ఈ పాత మాస్టారి మనవి.