నౌకా చరిత్రకు ఏ గ్రంథాలు?

భారతీయ నౌకా చరిత్రకు గ్రంథాలయంలో ఒక అర కేటాయించదలచిన వారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, అందులో ఏ పుస్తకాలు ఉంచాలన్నది. ఓడల పేరిట వెలువడిన రచనలలో అధికభాగం వర్తకాన్నీ, రాజుల విజయాలనూ వర్ణిస్తాయి. ఓడను కట్టిన చేతులను గురించి చెప్పేవి అరుదు.

ఈ అరలో మొదటి స్థానం రాధాకుముద ముఖర్జీ 1912లో ప్రచురించిన భారతీయ నౌకాయాన చరిత్రకు దక్కుతుంది. భారతీయులకు సముద్రంతో పరిచయం లేదనే అపోహను ఖండించడానికి ఆయన సంస్కృత, పాలీ వాఙ్మయాలను, శిల్పాలను, నాణేలను సాక్ష్యాలుగా కూర్చారు. రెండు కొయ్యల ఓడ బొమ్మగల శాతవాహన నాణేలు వాటిలో ప్రసిద్ధమైనవి. భోజునికి ఆపాదింపబడిన 'యుక్తికల్పతరువు'ను నౌకా చరిత్రకారుల దృష్టికి తెచ్చినదీ ఈ గ్రంథమే.

అయితే 'యుక్తికల్పతరువు'ను ఒంటరిగా చదవరాదు. సముద్రంలోని అయస్కాంత శిలలు లాగివేస్తాయి గనుక ఓడ పలకలను ఇనుముతో బిగించరాదని అది చెబుతుంది. తూర్పు తీరపు మసూలా పడవల పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టడానికి కారణం వేరు. ఒడ్డున విరిగే అలల తాకిడికి కుట్టు పలకలు కొంత వంగి తట్టుకుంటాయి. మేకులతో బిగించినవి పగిలిపోతాయి. ఆచారం ఉన్నది, పండితుడు చెప్పిన కారణం మాత్రం పడవ కట్టేవానిది కాదు. కనుకనే మద్రాసు మత్స్యశాఖకు అధిపతిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ భారతీయ పడవల రూపాలపై 1920లో వెలువరించిన పరిశోధనను ఆ సంస్కృత గ్రంథం పక్కనే ఉంచాలి. ఆయన తీరాలు తిరిగి, పడవలను కంటితో చూసి వ్రాశారు.

మూడవ రకం, నిర్మాతలే వ్రాసుకొన్నవి. 1736లో సూరత్ నుండి బొంబాయి వచ్చిన లౌజీ నసర్వాంజీ వాడియా వంశీయులు టేకుతో కట్టిన ఓడలలో 1817 నాటి 'ట్రింకోమలీ' ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నేటికీ భద్రంగా ఉన్నది. ఆవిరి యంత్రం రాకతో తమ విద్య వెనుకబడుతుందని గ్రహించిన ఆ వంశపు యువకులు జహంగీర్ నౌరోజీ, హీర్జీభాయ్ మెర్వాంజీ 1838లో ఇంగ్లండు వెళ్లారు. అక్కడి రేవు కర్మాగారంలో నౌకానిర్మాణం నేర్చుకొని, తమ రెండున్నరేళ్ల అనుభవాన్ని 1841లో లండనులో ప్రచురించారు.

గోదావరి ముఖంలోని కోరంగి కూడా ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందినదే. 1839 నవంబరు నాటి తుఫాను దానిని దెబ్బతీసింది. అక్కడి వడ్రంగుల విద్య చేతి నుండి చేతికి సాగినది, గ్రంథానికి ఎక్కలేదు. సింధియా సంస్థ 1941లో విశాఖపట్నంలో పునాది వేసిన కర్మాగారం నుండి 1948 మార్చి 14న 'జలఉష' నీటిలోకి దిగినప్పుడు దానిని చరిత్ర నమోదు చేసింది. కోరంగి ఓడలకు ఆ భాగ్యం లేదు.

కాబట్టి ఈ అరలో పండితుని శాస్త్రం, పరిశీలకుని వివరణ, నిర్మాత దినచర్య మూడూ కలిసి ఉండాలి. తీరగ్రామాలలో నేటికీ పడవలు కట్టే వృద్ధుల మాటలను వ్రాసి ఉంచడం నాలుగవ పని. అది ఆలస్యమైనకొద్దీ ఆ అరలోని ఖాళీ శాశ్వతమవుతుంది.