వాల్తేరు నుంచి ప్రగతినగర్ దాకా సముద్ర పాఠాలు

తెలుగు నేల మీద యువ పరిశోధకులకు సముద్ర శాస్త్రంలో క్రమపద్ధతి శిక్షణ 1952లో వాల్తేరులో మొదలైంది. ఆ ఏడాది ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లాఫాండ్ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పనిచేసినవాడు. విశ్వవిద్యాలయానికి సొంత ఓడ లేదు. భూగర్భ శాస్త్ర శాఖలో సి. మహదేవన్ వంటి పెద్దల అండ, విశాఖలో భారత నౌకాదళం ఉండడం కలిసివచ్చాయి. నౌకాదళం ఓడల్లో చోటు సంపాదించి, లాఫాండ్ విద్యార్థులను బంగాళాఖాతంలోకి తీసుకెళ్లాడు. 1955లో మళ్లీ వచ్చి ఆ పని కొనసాగించాడు.

ఆ శిక్షణలో తరగతి గది పాలు తక్కువ. ముఖ్య సాధనం బాతీథర్మోగ్రాఫ్. చూడ్డానికి చిన్న టార్పెడోలా ఉండే ఈ లోహపు గొట్టంలో పూత పూసిన గాజు పలక ఒకటి పెడతారు, అగ్గిపుల్ల కన్నా పొడవుండదు. గొట్టాన్ని తీగకు కట్టి నీళ్లలోకి వదిలితే, లోతు పెరిగేకొద్దీ మారే వేడిమిని సూదిమొన ఆ పలక మీద గీతగా గీస్తుంది. పైకి లాగాక పలకను బయటికి తీసి, భూతద్దం కింద గళ్ల కొలబద్దతో సరిపెట్టి అంకెలు రాసుకోవాలి. ఓడ ఊగుతుంటే, కడుపులో తిప్పుతుంటే, తీగ తెగకుండా చూసుకుంటూ చేయాల్సిన పని ఇది. సముద్రం మీద కొలత ఎంత కష్టపడితే వస్తుందో, ఎక్కడ తప్పుతుందో పుస్తకం చెప్పలేదు. ఓడ ఎక్కే అవకాశం లేని రోజుల్లో ఒడ్డు మీదే పాఠం నడిచేది. వాల్తేరు తీరంలో ఇసుక ఏ నెలలో కోసుకుపోతోంది, ఏ నెలలో మేట వేస్తోంది అన్నది కొలిచి పెట్టుకున్నారు.

ఈ కొలతల నుంచే తూర్పు తీరంలో అడుగు నీరు పైకి ఉబికివచ్చే తీరు తొలిసారి వివరంగా తెలిసింది. నైరుతి గాలి తీరం వెంబడి వీచే రోజుల్లో పైనున్న వెచ్చని నీరు తీరానికి దూరంగా జరుగుతుంది. దాని చోట్లోకి లోపలి చల్లని నీరు చేరుతుంది. ఈ విషయం మీదే వి.వి.ఆర్. వరదాచారి 1958లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. ఆయన తరవాతి కాలంలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు డైరెక్టర్ అయ్యాడు. విశ్వవిద్యాలయం వెలువరించిన సముద్ర శాస్త్ర సంపుటాల్లో మొదటిది 1954లో, రెండోది 1958లో వచ్చాయి. ఆ జాతీయ సంస్థ ఇంకా పుట్టని రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

ఈ సముద్రపు లెక్క తీరానికి దూరంగా ఉన్నవారికీ పట్టేదే. అదే 1958 ఆగస్టులో ఆదిలాబాద్ జిల్లాలో కడెం ఆనకట్ట మీదుగా వరద పొర్లి గండి పడింది. విశాఖ, ఒడిశా తీరాల దగ్గర పుట్టే అల్పపీడనాలు ఛత్తీస్‌గఢ్ మీదుగా పడమటికి సాగినప్పుడల్లా ఉత్తర తెలంగాణలో ముసురు పడుతుంది. ప్రాణహిత, కడెం, మానేరు ఉప్పొంగుతాయి. సముద్రం ఆదిలాబాద్‌కు సుమారు ఐదు వందల కిలోమీటర్ల దూరాన ఉన్నా మిరుగు దాటాక పత్తి రైతు ఎదురుచూసే వానలో దాని వాటా పెద్దది. ఈ జిల్లాల నీరు బాసర, ధర్మపురి, కాళేశ్వరాల మీదుగా మళ్లీ సముద్రానికే చేరుతుంది. నదులు తెచ్చే మంచినీరు బంగాళాఖాతం ఉప్పునీటి మీద తేలిక పొరగా పరుచుకుని, కింది చల్లని నీటిని పైకి కలవనివ్వదు. అందుకే ఆ ఉపరితలం వెచ్చగా ఉండి అల్పపీడనాలకు బలమిస్తుంది. గాజు పలక మీది గీతను కడెం వరదతో ముడిపెట్టే ఉపగ్రహమూ కంప్యూటరూ వాల్తేరు విద్యార్థులకు అప్పటికి అందుబాటులో లేవు.

1960ల తొలి సగంలో సాగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర ఈ శిక్షణకు పెద్ద మెట్టు. అమెరికా పంపిన ఆంటన్ బ్రూన్ ఓడ ఒకప్పుడు అధ్యక్షుడు ట్రూమన్ వాడిన విహార నౌక. దాన్నే పరిశోధనకు మార్చారు. లాఫాండ్ తూర్పు తీరపు లోతుల్లో గుర్తించిన సముద్రగర్భ లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. సహచరులను మరిచిపోని పేర్లే ఇవి. యాత్ర ముగిశాక 1966 జనవరి 1న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం 1976లో విశాఖకు వచ్చింది.

తరవాతి రెండు దశాబ్దాలు త్వరగా చెప్పుకోదగ్గవే. 1979లో రుతుపవనాల ప్రయోగం జరిగింది. 1983లో సాగర్ కన్య అనే పరిశోధన ఓడ వచ్చింది. 1999 జూలై, ఆగస్టుల్లో ఆ ఓడ మీదే బంగాళాఖాత రుతుపవన ప్రయోగం నడిచింది. సముద్రాన్ని, దాని మీది గాలిని కలిపి కొలవడం యువ పరిశోధకులకు అక్కడ అలవడింది.

1999లోనే హైదరాబాద్‌లో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, వాడుకలో ఇన్‌కాయిస్, పుట్టింది. అలల చప్పుడు వినపడని ప్రగతినగర్‌లో సముద్ర కేంద్రమేమిటని విస్తుపోయేవారు ఉంటారు. అక్కడికి చేరేది నీరు కాదు, సమాచారం. ఆర్గో తేలుడు పరికరాలు రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ వేడిమిని, ఉప్పదనాన్ని కొలిచి, పది రోజులకోసారి ఉపగ్రహానికి అందిస్తాయి. 2004 డిసెంబర్ 26 సునామీ తరవాత ఈ కేంద్రం బాధ్యత బాగా పెరిగింది. 2007 అక్టోబర్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ఇక్కడే పని మొదలుపెట్టింది. 2013లో ఇదే ఆవరణలో కార్యాచరణ సముద్ర విజ్ఞానంలో అంతర్జాతీయ శిక్షణ కేంద్రం ఏర్పడింది. దేశంలోని పరిశోధక విద్యార్థులతో పాటు హిందూ మహాసముద్రపు చుట్టుపక్కల దేశాల నుంచీ కొత్తవారు వచ్చి చేరే చిన్న కోర్సులు ఇక్కడివి. నమూనాలు నడపడం, ఉపగ్రహ చిత్రాలు చదవడం, సమాచారంలో తప్పుల్ని ఏరివేయడం నేర్పుతారు. నాడు భూతద్దం కింద ఒక పలక చదివినచోట నేడు వేల కొలతలు ఒక్కసారి తెర మీద పరుచుకుంటాయి.

ఈ మార్పులో లాభం ఎంతో, నష్టమూ అంత కాకపోయినా కొంత ఉంది. ఓడ ఎక్కకుండానే సముద్ర శాస్త్రవేత్త కావచ్చు. అంకె ఎందుకు తప్పిందో అనుభవంతో పసిగట్టే నేర్పు మాత్రం తెర ముందు రాదు. పేరున్న శిక్షణ సంస్థలు యువకులకు ఓడ మీద చోటు ఇప్పించడానికి ఇంకా తంటాలు పడేది అందుకే.

సముద్రం లేని జిల్లాలకు దీని ఫలం మెట్లు మెట్లుగా అందుతుంది. ఇన్‌కాయిస్‌లో తయారయ్యే సముద్ర స్థితి విశ్లేషణ, సముద్రాన్నీ వాతావరణాన్నీ కలిపి లెక్కించే రుతుపవన నమూనాకు ఆరంభ సమాచారంగా వెళ్తుంది. 2012లో మొదలైన రుతుపవన మిషన్ ఈ నమూనాలకు ఊతమిచ్చింది. వాతావరణ శాఖ అంచనాలను ఆధారం చేసుకుని జగిత్యాల పొలాస పరిశోధన స్థానం రైతులకు సలహాలిస్తుంది. విత్తనం ఎప్పుడు వేయాలి, మందు కొట్టడం ఎప్పుడు వాయిదా వేయాలి అన్నవి అందులో ఉంటాయి. ఈ సలహాలు మొత్తం మీద పనికొస్తున్నా, ఒక వాగు పరీవాహకంలో ఒక రాత్రి కురిసే వానను ముందే పట్టడం ఇప్పటికీ గట్టి సమస్యే. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు గేట్ల సామర్థ్యాన్ని మించి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడింది. సముద్రం మీది లెక్కను వాగు మీది లెక్కతో కలిపే పరిశోధన చేయగల యువకులు ఇప్పుడు ఎక్కువగా కావలసింది ఈ చోటే.