ఒకే బెర్తు - ఇద్దరు ప్రయాణికులు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో ఆర్ట్స్ కాలేజి పేరిట ఒక రైల్వే స్టేషను ఉన్నది. పండుగ సెలవులకు ఇంటికి పోవు విద్యార్థులకు, ప్రక్కనున్న తార్నాక వాసులకు బెర్తు దొరకుట పూర్వము గుమాస్తా ముందున్న లావుపాటి పుస్తకము మీద ఆధారపడెడిది. ఆ పుస్తకపు పని 1985లో ఢిల్లీలో కంప్యూటరు చేతికి వచ్చినది.

చిక్కు కూడికలలో లేదు. రెండు కిటికీల వద్ద ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణమున చివరి బెర్తు అడిగిరనుకొనుడు. ఇద్దరికిని ఖాళీ అనియే కనబడును. ఇద్దరికిని టిక్కెట్టు అందును! అందుచే ప్రోగ్రాము ముందుగా ఆ బెర్తు వివరమునకు తాళము వేసి, ఒకరి పని ముగిసిన పిదపనే రెండవవారిని చూడనిచ్చును. ఈ జాతి తప్పు నూరు పరీక్షలలో దాగి, రద్దీనాడు బయటపడును. 1985-87 నడుమ థెరాక్-25 అను చికిత్సాయంత్రములో ఇట్టిదే దాగియుండగా, మితిమీరిన రేడియేషను సోకి రోగులు మరణించిరి.

ఒంటరి మేధావి నేర్పు చాలదని 1968లోనే పశ్చిమ జర్మనీలోని గార్మిష్ సదస్సు గ్రహించినది. 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు' అను పేరు అక్కడినుండియే ప్రచారమునకు వచ్చినది. రిజర్వేషను కేంద్రములను కలుపు 'కాన్సర్ట్' వ్యవస్థ 1994లో మొదట మన సికిందరాబాదులోనే అమలైనది.

వైద్యుడు పేరు నమోదు కానిదే వైద్యము చేయరాదు. ప్రోగ్రాము వ్రాయువారికి మన దేశమున అట్టి నిర్బంధము లేదు. 1999లో రెండు వృత్తిసంఘములు వారికొక నీతినియమావళిని ప్రకటించినవి. పాటించుట మాత్రము వారి ఇష్టము.