గాల్ఫు మేకు చరిత్రము



నేటి సాయంకాలము నేను "టీ"ని గూర్చి ప్రసంగింపనున్నానని వినగానే మీలో పలువురకు పొగలు గ్రక్కు తేనీటి గిన్నె స్ఫురించియుండును. నేను చెప్పబోవునది ఆ టీ కాదు. గాల్ఫు ఆటలో మొదటి దెబ్బకు ముందు బంతిని నేలకు ఇంచుక పైగా నిలుపుటకై గ్రుచ్చెడు చిన్న మేకును గూడ ఆంగ్లభాషలో టీ యనియే పిలుతురు. అది క్రిందివైపు మొనదేలి, పైవైపు బంతి కూర్చుండుటకు వీలుగా కొంచెము పల్లమై యుండును. పిల్లలాడు బొంగరమును సన్నగా సాగదీసినచో ఎట్లుండునో అట్లే యుండునని యూహించుకొనవచ్చును. పొడవు వ్రేలెడు, వెల అత్యల్పము.

ఇంత యల్పవస్తువునకు చరిత్ర మేమని మీరు శంకింపవచ్చును. ఈ విషయమున నాకొక స్వకీయమైన బాకీ కలదు. నేను బడిలో పాఠములు చెప్పు దినములలో "ఫలానా వస్తువును కనిపెట్టినవారెవరు?" అని ప్రశ్నించి, ఒక్క పేరు చెప్పినవానికి మార్కులిచ్చుచుండెడివాడను. ఒకనాడొక బాలుడు లేచి, "పంతులుగారూ, అంతకుముందు మఱెవ్వరును దానిని చేయలేదాండీ?" అని యడిగెను. పాఠము సాగవలెనను తొందరలో నేను వానిని కూర్చుండుమంటిని. వాని ప్రశ్నకు నేను చెప్పవలసియుండిన సమాధానము, ఎన్నడు గాల్ఫు కఱ్ఱ చేతబట్టని నాకు, ఈ మేకు చరిత్రము చదివినప్పుడు దొరకినది.

గాల్ఫు ఆటకు పుట్టినిల్లు స్కాట్లండు దేశము. ఆ దేశమున అబర్డీను పట్టణములో డేవిడ్ వెడర్‌బర్న్ అను ఉపాధ్యాయుడొకడు 1636వ సంవత్సరమున తన శిష్యులకొఱకు లాటిను పదముల పట్టిక నొకదానిని కూర్చెను. అందు గాల్ఫు ఆటకు సంబంధించిన మాటలును కలవు. టీ యనుదానికి మూలమైన "టీజ్" అను స్కాట్లండు మాట వానిలో నొకటి. దానికాయన యిచ్చిన లాటిను పదమునకు ఆధారము, ఊత యని యర్థము. కాలక్రమమున ఆ మాట తుదినున్న "జ్" కారమును జనులు బహువచన ప్రత్యయమని భ్రమించి తొలగింపగా "టీ" మిగిలెను. పొరపాటు కూడ నిలువద్రొక్కుకొన్నచో నిఘంటువున కెక్కును గదా!

నాటి ఊత మేకు కాదు, పిడికెడు ఇసుక. 1744వ సంవత్సరమున లీత్ పట్టణపు ఆటగాండ్రు వ్రాసికొన్న పదుమూడు నియమములలో మొదటిది, ఆడి ముగించిన గుంటకు ఒక కఱ్ఱ పొడవులోపలనే మరల బంతిని నిలుపవలెనని. రెండవది, ఆ ఊత నేలమీదనే యుండవలెనని. గుంట చెంతనే ఉన్నది కనుక ఆటగాండ్రు దానిలోని ఇసుకనే తీసి కుప్పచేసెడివారు. అందుచే ఆట సాగినకొలది గుంట లోతెక్కుచుండెడిది. పిదప బంతిని నిలుపుటకు వేఱుగా చదునైన స్థలము లేర్పడెను. అచ్చట ఇసుక పెట్టెయు, నీటి బానయు నుంచెడివారు. కఱ్ఱల సంచి మోయు కుఱ్ఱవాడు తడియిసుకను చిటికెలతో చిన్న గోపురముగా తీర్చి, దానిపై బంతిని నిలిపెడివాడు. శీతకాలపు టుదయమున ఆ పని చేయుట యెంత కష్టమో చెప్పనక్కఱలేదు.

ఈ తడియిసుక బాధను తప్పింపదలచినవా రొక్కరు కారు. 1889వ సంవత్సరమున స్కాట్లండు దేశస్థులైన విలియం బ్లాక్స్‌మ్, ఆర్థర్ డగ్లస్ అను నిద్దఱు, నేలపై పఱచియుంచెడు రబ్బరు ఊత కొకదానికి పేటెంటు పొందిరి. అది నేలలో దిగునది కాదు. 1892వ సంవత్సరమున ఇంగ్లండులో పెర్సీ ఎల్లిస్ అనునాతడు, రబ్బరు తలకు లోహపు మేకు తగిల్చి నేలలో గ్రుచ్చు సాధనమునకు పేటెంటు పొందెను. మేకును నేలలో దింపుట అప్పటితో మొదలైనదని చెప్పవచ్చును.

ఇక సముద్రమునకు ఆవలి యొడ్డునకు పోవుదము. జార్జి ఫ్రాంక్లిన్ గ్రాంటు 1846వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రములోని ఆస్వీగో గ్రామమున జన్మించెను. ఆయన ఆఫ్రికా సంతతివాడు. ఆయన తలిదండ్రులు ఒకప్పుడు బానిసత్వము ననుభవించినవారు. అట్టి యింట బుట్టినవాడు 1870వ సంవత్సరమున హార్వర్డు దంతవైద్య కళాశాలనుండి పట్టము పొంది, మఱుసటి యేటనే అచ్చట బోధకుడయ్యెను. హార్వర్డులో ఉపాధ్యాయపదవి నందిన ఆఫ్రికా సంతతివారిలో ఆయనయే ప్రథముడు. పుట్టుకతోనే అంగిలి చీలియున్నవారు స్పష్టముగా మాటలాడుటకును భుజించుటకును తోడ్పడు కృత్రిమాంగిలిని నిర్మించుటలో ఆయన గొప్ప పేరు గడించెను.

ఆ వైద్యునకు గాల్ఫుపై మక్కువ యెక్కువ. తడియిసుకపై ఏవగింపును అంతే. 1899వ సంవత్సరము డిసెంబరు 12వ తేదిని ఆయనకు అమెరికా ప్రభుత్వము 638,920 సంఖ్యగల పేటెంటు నిచ్చెను. మొనదేలిన కొయ్యమేకు, దాని తలపై బంతి నిలుచుటకు రబ్బరు గొట్టము, ఇంతియే ఆ నిర్మాణము. కఱ్ఱ తగిలినను రబ్బరు వంగును గాని దెబ్బకు అడ్డుపడదు. ఆయన కొన్ని మేకులు చేయించి మిత్రులకు పంచిపెట్టెను, తాను వాడుకొనెను. అంగడికి మాత్రము పంపలేదు. 1910వ సంవత్సరమున ఆయన దివంగతు డగుటతో ఆ మేకు మాటయు మఱుగుపడినది.

విచిత్రమేమనగా, తరువాత దానిని లోకమున వ్యాపింపజేసినవాడును దంతవైద్యుడే. న్యూజెర్సీ రాష్ట్రపువాడైన విలియం లోవెల్ 1920వ దశకపు తొలి సంవత్సరములలో ఒకే కొయ్యతునుకతో మేకులు చేయించి, పచ్చికలో సులభముగా కనబడునట్లు ఎఱ్ఱరంగు వేయించి, "రెడ్డీ టీ" యని పేరిడెను. వాల్టర్ హేగెన్, జో కర్క్‌వుడ్ అను ప్రసిద్ధ క్రీడాకారులకు ద్రవ్యమిచ్చి, వారి ప్రదర్శనలలో ఆ మేకులనే వాడించెను. వారు నేలపై విడిచిపోయిన మేకులకై ప్రేక్షకులు ఎగబడిరట! అమ్మకము పెరిగినది, అనుకరించువారును పెరిగిరి. వారిపై జరపిన వ్యాజ్యములలో లోవెల్ ఆర్జించినదానిలో చాలభాగము కరగిపోయినది. ధనము నిలువకున్నను పేరు నిలిచినది: మేకును కనిపెట్టినవాడు లోవెల్ అని జనులు చిరకాలము చెప్పుకొనిరి. 1991వ సంవత్సరమున అమెరికా గాల్ఫు సంఘము గ్రాంటు చేసిన పనిని గుర్తించినది. అప్పటికి ఆయన పోయి ఎనుబదియొక్క సంవత్సరములు.

నేడు కొయ్య, వెదురు, ప్లాస్టిక్కు మేకులు మూడును వాడుకలో నున్నవి. మేకు పొడవు నాలుగంగుళములు, అనగా 101.6 మిల్లీమీటరులు, మించరాదని నియమము. దూరము కొట్టు పెద్దకఱ్ఱకు, బంతిలో సగము కఱ్ఱతలపై అంచునకు మీదుగా కనబడునంత యెత్తున నిలుపుట సాధారణ పద్ధతి. ఇనుపకఱ్ఱలకు మేకును దాదాపు పచ్చిక మట్టమునకు దింపవలెను. కావున పొట్టివియు పొడుగువియు చెంత నుంచుకొనుట మేలు. కొయ్యమేకును మన్ను తుడిచి పొడిగా నుంచవలెను. చెమ్మ తగిలినది త్వరగా విఱుగును. విఱిగిన ముక్కలను ఏరి అందుకై యుంచిన పెట్టెలో వేయవలెను. ప్లాస్టిక్కు ముక్క మన్నులో కలియదు; ఏ ముక్కయైనను గడ్డికోయు యంత్రపు కత్తులకు చేటు చేయును.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తును. మేకును మొదట కనిపెట్టినవాడు గ్రాంటు అని నేను మఱల ఒక్క పేరే చెప్పినచో నా తప్పు తీఱదు. ఎల్లిస్ ఆయనకంటె ముందు కలడు. నేలలో గ్రుచ్చు ఊతకు పేటెంటు పొందినవాడు ఎల్లిస్. కొయ్యమేకునకు రబ్బరు తల కూర్చినవాడు గ్రాంటు. దానిని ఒకే కొయ్యతో చేయించి ప్రతి యాటగాని జేబులోనికి చేర్చినవాడు లోవెల్. ఎవరి భాగము వారిదే. అమ్మినవాని పేరు లోకమునకు వినబడును, పంచిపెట్టినవాని పేరు వినబడదు; వినబడనిదానిని వెదకి చెప్పుట ఉపాధ్యాయుని విధి. నాటి ఆ బాలుడు నేడెచ్చటనున్నాడో యెఱుగను. ఈ మాటలు వానికి వినబడినచో, "నాయనా, నీ ప్రశ్న సరియైనది; కూర్చుండుమనుట నా పొరపాటు" అని చెప్పి, సెలవు గైకొనుచున్నాను.